పెద్దామెకు పెట్టిన చీర

తడ దాటి మూడు రోజులయింది. సూళ్ళూరుపేటలో ఒక పూట ఆగి, మళ్ళీ ఉత్తరంగా నడక సాగించాను. నెల్లూరు చేరాలన్న తొందర నాకు లేదు. నన్ను చూడాలన్న తొందర నెల్లూరికీ లేదు. పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, ఉగాది ఇంకా వారం ఉంది. మొలకొలుకుల వరి కోతలు ఎప్పుడో అయిపోయి పొలాలన్నీ మోళ్ళతో ఉన్నాయి. కుడిచేతి వైపు ఎక్కడో పులికాటు చెరువు ఉంది. కంటికి కనపడదు గాని పెదిమలు తడుపుకుంటే తెలుస్తుంది, ఉప్పగా.

దొరవారిసత్రం ఇంకా మైలు ఉందనగా, రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో ఒక గూడుబండి ఆగి ఉంది. అందులోంచి ఒకామె దిగి రోడ్డు మీదికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. గట్టి భుజాలు, గట్ల మీద తిరిగే మనిషి నడక. నా సంచీని, గొడుగును, ముక్కు మీది అద్దాలను వరసగా చూసి అడిగింది.

"దయ్యాల మాస్టరు మీరేనా, అయ్యా?"

నన్ను చూసి జనం చాలా అనుకున్నారు. సర్వే ఉద్యోగి అన్నారు, హోమియోపతీ డాక్టరన్నారు, ఒకప్పుడు గూడూరులో ఒక ముసలామె తప్పిపోయిన మేనమామ అని చెయ్యి పట్టుకుంది. దయ్యాల మాస్టరు అనిపించుకోవడం అదే మొదలు. కాదమ్మా అన్నాను. కానప్పుడు ఆ వేషం ఎందుకు వేసుకున్నట్టు అన్న చూపు ఒకటి చూసి, ఆమె మళ్ళీ ఉత్తరం వైపు తిరిగి నిలబడింది.

పావుగంటకు బస్సు వచ్చింది. అసలు మాస్టరు దిగాడు. పేరు క్రీస్తురాజు. నెల్లూరులో ఒక స్కూల్లో సైన్సు చెబుతాడు. పొట్టి మనిషి, తెల్ల డ్రిల్లు కోటు, చేతిలో రేకు పెట్టె. సెలవులు వచ్చినప్పుడల్లా దయ్యాలున్నాయన్న ఇళ్ళకు పోయి, ఉన్నాయో లేవో తేల్చి రావడం ఆయన అలవాటు. అప్పటికి ఇరవై మూడు ఇళ్ళు చూశాడట. పదకొండింటిలో పందికొక్కులు, నాలుగింటిలో గుడ్లగూబలు, ఒకదానిలో బావమరిది. మిగిలినవాటిలో భయం తప్ప ఏమీ దొరకలేదట. "పరిశుద్ధాత్మ తప్ప ఇంకే ఆత్మా లేదంటారు మా పాస్టరు గారు. నేను మాత్రం దేన్నీ ఇంతవరకు కళ్ళతో చూడలేదండి" అన్నాడు నాతో, పరిచయమైన మూడో నిమిషంలో.

ఆయనకో నియమం ఉంది. ఇంటికి సంబంధం లేని మనిషి, చదవడం సంతకం పెట్టడం వచ్చినవాడు, ఒకడు సాక్షిగా ఉండాలి. మామూలుగా ఊరి పంతులును పెట్టుకుంటాడట. పంతులు వద్దు, ఆయన మా ఇంట్లో అన్నం తింటాడు, ఇంటాయన మాటే మాట్లాడతాడు అంది ఆమె. అని, చేత్తో నన్ను చూపించింది. దోవన పోయే దానయ్యకు దయ్యాల సాక్ష్యం దొరికింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మాస్టరు మీద నాకు అసూయ పుట్టింది. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, తిరుగుతున్నాను. నా కోసం ఏ ఊరివాళ్ళూ తుమ్మచెట్టు కింద బండి నిలబెట్టలేదు. పందికొక్కుల్ని పట్టేవాడికి నిలబెట్టారు. ఆ మంటతోనే బండెక్కాను. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, అసూయ ఎంత చిన్న అగ్గిపుల్ల గీతతో అంటుకుంటుందో ఆ రెండు రోజులూ నాకు గుర్తుండేట్టు చేసింది అదే.

ఆమె పేరు ఆదిశేషమ్మ. తడ దగ్గర పల్లెలో పుట్టింది. ముగ్గురు ఆడపిల్లల్లో మూడోది. పెద్దక్క పావడా రెండో అక్కకు, రెండో అక్క పావడా ఈమెకు. దిగుడు బావిలో ఇద్దరు ముంచుకున్నాక మూడో కడవకు నీళ్ళు ఎట్లా ఉంటాయో అట్లా ఉండేవట ఆ పావడాలు ఈమె దాకా వచ్చేసరికి. ఈడేరినప్పుడు కొత్తది కొంటామన్నారు. ఆ ఏడు వానల్లేవు. ఇరవై ఆరేళ్ళకు పెళ్ళి కుదిరింది, అదీ రెండో సంబంధం. పద్మనాభయ్య మొదటి భార్య చెంచమ్మ జ్వరంతో పోయి అప్పటికి ఏడాదయింది.

రెండో భార్యగా కాపురానికి వచ్చే ఆడదానికి మా వైపు కొన్ని కట్టడులున్నాయి. ఇప్పటి పిల్లలకు తెలియవేమో. తన పుస్తెల పక్కన చింతగింజంత బంగారు బిళ్ళ ఒకటి కట్టుకోవాలి. దాని మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. అది పోయినామె. కొత్త చీర ఏది కొన్నా ముందు పోయినామెకు పెట్టాలి. పీట మీద పసుపు కుంకుమలతో చీర పెట్టి, ఆమె కట్టుకుంది అనుకున్న తర్వాత, ఇంటాయన దాన్ని తీసి చేతికిస్తే అప్పుడు ఈమె కట్టుకోవాలి. చచ్చినవాళ్ళకు వాటా పెట్టని దేశం నేను చూడలేదు. కొన్నిచోట్ల అన్నం పెడతారు, కొన్నిచోట్ల పొగాకు పెడతారు. చీర పెట్టి దాన్నే బతికున్నామె చేత కట్టించడం మాత్రం మనవాళ్ళే కనిపెట్టి ఉంటారు. తొమ్మిదేళ్ళలో పద్దెనిమిది చీరలు. అక్కల పావడాల నుంచి తప్పించుకున్నాననుకుంటే, దయ్యం విడిచిన చీరలు వచ్చి పడ్డాయి.

ఇదంతా బండిలో ఆమే చెప్పింది. బండి తోలే ముత్యాలయ్యకు, మాకు మధ్య కూర్చుని, ముఖం పక్కకు పెట్టి చెప్పింది. దారిలో నేలపట్టు చెరువులో, నీళ్ళలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు కనిపించాయి. ఏడాదికొకసారి వచ్చి పాత గూళ్ళనే సర్దుకుంటాయి, అది వాటి తెలివి అని నేను నాకు తెలిసినదేదో మొదలుపెట్టాను. వాటికేం, ఎవరు కట్టిన గూడయినా ఒకటే అంది. నేను ఆ ఉపన్యాసం అక్కడితో ఆపాను.

ఎద్దు ఒకటి దారి తప్పి గట్టు వైపు లాగింది. ముత్యాలయ్య తోక మెలిపెడుతూ గొణిగాడు.

"పెద్దమ్మగారు ఉన్నప్పుడు పేరు పెట్టి పిలిస్తే చాలు, అట్టనే తిరిగేది."

"అయితే ఆ ఎద్దుకి చెప్పు ముత్యాలయ్యా, పెద్దమ్మగారు పోయి పదేండ్లయిందని. దానికి ఎవురూ చెప్పినట్టు లేరు."

పెద్దామె చేతి పచ్చిపులుసు, పెద్దామె కాలంలో ఆవు పాలు, పెద్దామె వేయించిన గట్టు. విత్తనం పట్టి పంటి కింద కొరికి తేమ చెప్పగల మనిషి ఆదిశేషమ్మ, కమతం అంతా ఆమె చేతి మీద నడుస్తుంది. అయినా ఆ ఇంట్లో బాగున్నదల్లా చెంచమ్మది, పాడైనదల్లా ఈమెది. మొగుడు ఎలాంటివాడమ్మా అని క్రీస్తురాజు అడిగాడు. మంచివాడంది. అదే కష్టం, చెడ్డవాడైతే పోయినామె కూడా పడిందిలే అని ఓదార్పయినా ఉండేది అంది. పిల్లలు లేరట. చెంచమ్మకూ కలగలేదు, ఆ ఒక్క లెక్కలో ఇద్దరం సమానం అని నవ్వింది.

ఇంతకూ దయ్యం సంగతి. తూర్పు గదిలో మిట్టమధ్యాహ్నం అడుగుల చప్పుడు. కాలి మట్టెలు చెక్క మీద తగిలినట్టు టక్కు, టక్కు మని కిటికీ నుంచి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. ఇల్లంతా విన్నదే. ఆదిశేషమ్మ మొగుడికి ఊరివాళ్ళ చేత, పూజారి చేత చెప్పించింది, పెద్దామెను సాగనంపుదామని. గూడూరులో ఆ పని చేసేవాడున్నాడు. ఆకు మీద పేరు రాసి, సముద్రంలో విడిచి, ఇక ఈ ఇంటితో నీకు పని లేదని చెబుతాడు. అది జరిగితే బిళ్ళ తీసెయ్యొచ్చు. చీర పెట్టే పని ఉండదు. పద్మనాభయ్య ఒప్పుకోలేదు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు: నెల్లూరు మాస్టరు వచ్చి ఉందంటే సాగనంపడం, లేదంటే ఇక జన్మలో ఆ మాట ఎత్తకపోవడం. అయిదో తరగతి చదువుతో ఆమే ఉత్తరం రాసింది.

క్రీస్తురాజు తన సంగతి తను చెప్పుకున్నాడు. ఇంతవరకు ఏ ఇంట్లోనూ ఉందని రాయలేదమ్మా, ముందే ఆశపెట్టుకోవద్దన్నాడు. ఆమె అప్పుడు పూర్తిగా మా వైపు తిరిగింది.

"మీరు ఉండాదనే చెప్పాల మాస్టరయ్యా. ఉండాదంటేనే గదా, పొమ్మనేదానికి."

ఆ ఇంటిని ఊళ్ళో ఉప్పు మిద్దె అంటారు. కంపెనీవాళ్ళ కాలంలో ఉప్పు నిలవ చేయడానికి కట్టింది. రెండు మూరల మందం గోడలు, మద్రాసు మిద్దె, చుట్టూ పొలం. పద్మనాభయ్య ముత్తాత కొని కమతం ఇల్లు చేసుకున్నాడు. తూర్పు గది ఒకప్పటి ఉప్పు కొట్టు. నేలకు తగలకుండా దిమ్మెల మీద టేకు పలకలు పరిచారు. నూట యాభై ఏళ్ళయినా ఆ గోడలు ఉప్పు మరిచిపోలేదు. చెయ్యి పెడితే చెమ్మగా తగులుతుంది. ఇళ్ళకు జ్ఞాపకశక్తి ఉంటుందని రాసేవాళ్ళుంటారు. నాకు ఆ నమ్మకం లేదు, గాని ఉప్పుకు ఉందని ఒప్పుకుంటాను.

పద్మనాభయ్య అరుగు మీదికి ఎదురొచ్చి మా సంచులు తనే అందుకున్నాడు. యాభై దాటినవాడు, మెత్తని గొంతు. మాకు మజ్జిగ ఇప్పించి, తను అడ్డం చెప్పదలచుకోలేదని, మాస్టరు గారి మాటకు కట్టుబడతానని చెప్పాడు. తర్వాత పంచె అంచు వేలికి చుట్టుకుంటూ, ఉంటే ఉండనీయండి, ఎవరికి అడ్డం అని గొణిగాడు.

"నాకు" అంది లోపలి నుంచి ఆదిశేషమ్మ.

ఆ సాయంత్రం క్రీస్తురాజు గది చూశాడు. పలకల మీద అరచెయ్యి ఆనించి పాకాడు. గోడ పైన గాలి కోసం ఉంచిన రంధ్రాలు లెక్కపెట్టాడు. తూర్పు కిటికీ మూసి, దారం కట్టి, ముడి మీద లక్క ముద్ర వేశాడు. ఉగాది కోసం వెంకటగిరి నుంచి తెప్పించిన చీర అప్పటికే ఇంట్లో ఉంది, ఆదిశేషమ్మ పెట్టెలో. మర్నాడు దాన్ని పీట మీద పెట్టి పరీక్ష చేయాలని నిర్ణయమయింది. ముందు చీరను విప్పి చూడాలన్నాడు మాస్టరు. పద్మనాభయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పెద్దామెకు పెట్టకముందు మడత విప్పగూడదు, మగవాళ్ళు అసలే ముట్టగూడదు. క్రీస్తురాజు కాసేపు ఆలోచించి, వేరేవాళ్ళ ఆచారం తన పరీక్ష కోసం చెరపకూడదని ఒప్పుకున్నాడు. నోటు పుస్తకంలో మాత్రం రాసుకున్నాడు: చీర మడత విప్పి చూడలేదు. నన్ను దాని కింద సంతకం పెట్టమన్నాడు.

తెల్లవారి ఆదిశేషమ్మ స్నానం చేసి, మెడకూ నడుముకూ పసుపు రాసుకుని వచ్చింది. చీర ఆమె చేతుల మీద, గంజి మడతతో, అట్టముక్కలా ఉంది. చిలకపచ్చ నేత, సన్నటి జరీ అంచు. గది మధ్యన పీట మీద పెట్టింది. పెట్టి, ఒక్క క్షణం ఆ చీర వైపు చూసిన చూపు నేను గమనించాను. పందెంలో గెలిచినవాడు ఓడినవాడి వైపు చూసినట్టుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అందరం బయటికి వచ్చాక క్రీస్తురాజు డబ్బాలోంచి వరిపిండి తీసి, పీట చుట్టూ మొదలుపెట్టి, వెనక్కు వెనక్కు నడుస్తూ గది నేలంతా చల్లాడు. ముగ్గు పిండి కాదు, జల్లించిన పిండి. చీమ నడిచినా గీత పడుతుంది. తలుపుకు తాళం, తాళానికి దారం, దారానికి లక్క. తాళంచెవి నా జేబులో.

మిట్టమధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాం. ఆదిశేషమ్మ వంటింటి గడప మీద, మా అందరికీ కనపడేట్టు కూర్చుంది. ఆ వేళ నెల్లూరు సీమలో గాలి చచ్చిపోతుంది. అర్ధరాత్రి దయ్యాల గురించి చాలామంది రాశారు గాని, మధ్యాహ్నం దయ్యాన్ని ఎరిగినవాళ్ళు మన ఎండ దేశాలవాళ్ళే. ఆకు కదలదు, కాకి అరవదు, నీడ కాళ్ళ కిందికి వచ్చి దాక్కుంటుంది. అలాంటప్పుడు తూర్పు నుంచి ఒక చల్లటి తెర వచ్చి మెడకు తగిలింది. సముద్రపు గాలి తిరిగింది.

కాసేపటికి గదిలో టక్కుమంది.

మళ్ళీ టక్కు. కొంచెం దగ్గరగా. మళ్ళీ. నిజంగానే మట్టెలు వేసుకున్న మనిషి తొందరలేకుండా నడిచినట్టు ఉంది. పద్మనాభయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖంలో భయం లేదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళ బండి చప్పుడు విన్నవాడిలా ఉన్నాడు. ఆదిశేషమ్మ గుమ్మం వైపు చూడటం లేదు. ఆయన ముఖం వైపే చూస్తూ ఉంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగిపోయాయి.

గంట ఆగి తలుపు తీశాం. లక్క చెక్కుచెదరలేదు. కిటికీ దారం బిగువుగా ఉంది. పిండి మీద ఈగ వాలిన గుర్తు కూడా లేదు. క్రీస్తురాజు ముఖం వెలిగింది. పిండి చెదరకుండా గుమ్మం నుంచి పీట దాకా ఒక పొడుగు బల్ల వేయించి, నాకు చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి ఎండకు పలకలు ఆరి ముడుచుకుంటాయి, పన్నెండున్నరకు సముద్రపు గాలి పై రంధ్రాల్లోంచి దిగి తడి తెస్తుంది, ఉప్పెక్కిన చెక్క ఆ తడిని తాగి ఒక్కొక్క పలకా ఉబ్బి కదులుతుంది, గాలి ముందు తగిలే కిటికీ వైపు ముందు, గుమ్మం వైపు చివర. అంతే. ఇరవై నాలుగో ఇల్లు.

పద్మనాభయ్య అదేమీ వినలేదు. బల్ల మీద నడిచి వెళ్ళి పీట మీది చీర తీశాడు. గుమ్మంలోకి తెచ్చి, వెలుతురులో, తెలిసినవాడిలా తిన్నగా ఒక మడత విప్పాడు. కుచ్చిళ్ళు దోపుకునే చోట, చిలకపచ్చ మీద, బొటనవేలంత పసుపు మరక.

చీరను రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. తీసినప్పుడు రెప్పల మీద పసుపుంది.

"ప్రతి చీరకీ ఇంతే, మాస్టరు గారూ. నేను ఎవురికీ చెప్పలా. కట్టుకుని పోతాది. తొమ్మిదేండ్లుగా ఈ మరక చూసుకునే బతకతావుండా."

క్రీస్తురాజు నోటు పుస్తకం మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఏ పేజీ చూస్తున్నాడో నాకు తెలుసు. కింద నా సంతకం ఉంది. పిండి మీద అడుగు లేదు. అంటే పసుపు చీరతోనే లోపలికి వెళ్ళింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి, ఎదురుగా ఉన్న పద్మనాభయ్య రెప్పల్ని చూసి, ఆయన నోటు పుస్తకం మీదికి వంగాడు. అంతలో పద్మనాభయ్య భార్య వైపు తిరిగాడు. మాటంటే మాటే, ఉందని తేలింది, నీ గూడూరువాణ్ణి పిలిపించుకో అన్నాడు. చీరను గుండెకు పట్టుకునే ఉన్నాడు.

"ఈ చీర మాత్రం నాకు వదిలెయ్. ఆమె కట్టిన కడాపటి చీర."

ఆదిశేషమ్మ గెలిచింది. నోరు మూసుకుని ఉంటే చాలు. పది రోజుల్లో చెంచమ్మ పేరు ఆకు మీద ఎక్కి సముద్రంలోకి పోతుంది. బిళ్ళ పోతుంది, పీట పోతుంది, తూర్పు గది భయం పోతుంది. క్రీస్తురాజు ఏమీ అనేట్టు లేడు. నేనూ అననని ఆమెకు తెలుసు. ఒకసారి నా వైపు చూసి నిర్ధారించుకుంది కూడా.

కాని ఆమె చూపు మళ్ళీ ఆయన రెప్పల మీదికి పోయింది.

"ఆ పసుపు నాది" అంది.

పద్మనాభయ్యకు అర్థం కాలేదు. తర్వాత ఆమె చెప్పినదంతా నేను ఆమె మాటల్లో రాయలేను, అంత తొందరగా చెప్పింది. పెళ్ళయిన మొదటి ఉగాదికే మొదలుపెట్టిందట. చీర ఇంటికి రాగానే, ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని, ముందు తను కట్టుకునేది. ఒక్క పూట. అద్దంలో చూసుకుని, విప్పి, గంజి మడత మీదనే మళ్ళీ మడిచి, పీట మీద పెట్టేది. అక్కల పావడాల నాటి కసి అది. ఈ ఇంట్లో ఎవరయినా విడిచిన గుడ్డ కట్టేది ఉంటే అది చెంచమ్మే కట్టాలి, తను కాదు. మధ్యాహ్నం అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా, ఆమెకు తెలిసిపోయింది, కోపంతో తిరుగుతోంది అనుకుని భయపడేదట. భయంలోనే కొంచెం సంతోషపడేదట. పీట దగ్గర మొగుడు రెప్పలకు పసుపు అద్దుకుని వస్తే, పీట మీద పెట్టిన పసుపే అనుకుందట ఇన్నాళ్ళూ.

చెప్పడం అయిపోయాక గొంతు దిగింది. తొమ్మిదేళ్ళ కాపురంలో మొగుణ్ణి ఏకవచనంలో పిలవడం అదే మొదలై ఉంటుంది.

"నువ్వు కండ్లకద్దుకునేది నన్ను. ఆమెను గాదు."

పద్మనాభయ్య చీర వైపు చూశాడు. మరక మీద వేలు పెట్టాడు. ఆమె ఎదురుగానే నిలబడి ఉంది, మెడకు అదే పసుపుతో, ఒక మాట కోసం. కోపపడినా సరిపోయేది. ఆయన మెల్లగా తల తిప్పి క్రీస్తురాజును అడిగాడు.

"అయితే చెంచమ్మ ఒక్కసారి కూడా రాలేదా, మాస్టరు గారూ?"

అడిగినవాడి గొంతులో ఆ ఉదయమే చావు కబురు విన్నంత కొత్త దుఃఖం ఉంది. క్రీస్తురాజు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఈ గదిలోకి ఎవరూ రాలేదండి అన్నాడు. పద్మనాభయ్య గుమ్మానికి ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. పదేళ్ళ కిందట ఏడవగా మిగిలినదేదో ఇప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు.

ఆదిశేషమ్మ కాసేపు చూసింది. తర్వాత వంగి, ఆయన చేతుల్లోంచి చీర తీసుకుంది. ఆయన పట్టు విడిచాడు, అదేమిటో గమనించకుండానే. ఆమె లోపలికి వెళ్ళింది. నేను ఎక్కడ చూడాలో తెలియక, ఎన్ని పుస్తకాలు చదివినా ఇలాంటప్పుడు పనికొచ్చే పేజీ ఒక్కటీ గుర్తు రాదేమా అని నా గొడుగు పుల్లలు లెక్కపెట్టుకున్నాను.

వచ్చేసరికి ఆ చీర కట్టుకుని ఉంది. గంజి ఇంకా పోలేదు, నడుస్తుంటే ఫెళఫెళమంటోంది. గుమ్మంలో ఏడుస్తున్న మొగుణ్ణి దాటి గదిలోకి అడుగుపెట్టింది. బల్ల మీద నడవలేదు. పిండిలోంచే నడిచి పీట దగ్గరికి పోయి, మెళ్ళోంచి బిళ్ళ తెంపి పీట మీద పెట్టింది. తిరిగి వచ్చింది. పోను ఒక వరస, రాను ఒక వరస, మడమ గట్టిగా పడే పాదాల గుర్తులు. క్రీస్తురాజు అలవాటు కొద్దీ పెన్సిలు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆమె అరుగు దిగింది. వాకిట్లో ముత్యాలయ్య లేచి నిలబడి, బండి కట్టమంటారా, యాడికి అని అడిగాడు. ఆమె కాళ్ళకు అంటిన పిండితో, ఎండలో, మేము ముందురోజు వచ్చిన దారినే రోడ్డు వైపు నడిచింది. అమ్మా అని నేను పిలిచాను. ఎద్దు ఒకటి తలెత్తి చూసింది. ఆమె చూడలేదు.